కనబడింది చెప్పమ్మా

మొన్న మా వీధి చివర బోరు బండి వచ్చి నిలబడింది. పొద్దున ఆరింటి నుంచి రాయి తొలుస్తూనే ఉంది. కిటికీలన్నీ మూసినా ఆ పొడి ఎలాగో లోపలికి వచ్చి నీళ్ల బిందె మీద, మంచం మీద, నా కళ్లద్దాల మీద బూడిదలా పరుచుకుంది. రాతిపొడికి ఒక వాసన ఉంటుంది. కాలిన వాసన కాదు, మట్టి వాసన కాదు. నాలుక మీద ఇనప ముక్క పెట్టుకున్నట్టు ఉంటుంది. అనంతపురంలో ఇన్నేళ్లుగా ఉంటున్నదాన్ని, బోరు బండ్లు నాకు కొత్త కాదు. అయినా కళ్లద్దాలు తుడుచుకుంటుంటే చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. తల నుంచి పాదాల దాకా ఇలాంటి పొడితోనే నిండిపోయి ఒక మొగుడూ పెళ్లామూ మా ఆసుపత్రి గడప ఎక్కిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు మా మధ్య కూర్చున్న దేవసహాయం గారు గుర్తొచ్చారు.

అరవై దశకం మొదలైన రోజులు. నాకు ఇరవై నాలుగేళ్లు. గుంటూరు వైపు నుంచి వచ్చాను. ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసిన వేడి ఇంకా చల్లారలేదు. మొదటి ఉద్యోగం కళ్యాణదుర్గానికి కొంత దూరంలో ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో వేశారు. రెండు గదులు, ఒక వరండా, పది మంచాలు. బస్సు దిగి చూస్తే కనుచూపు మేరా ఎర్రనేల, నల్లబండలు, మధ్యమధ్య వాడిపోయిన వేరుశెనగ చేలు. వరసగా రెండేళ్లు వానలు తప్పాయట. ఆ ఏడాది పల్లెల్లో జనం పొలం పనులు మాని, ఎండిన బావుల్నే ఇంకా లోతుకు తవ్వుకుంటున్నారు. మట్టి ఎప్పుడో అయిపోయింది. అడుగున మిగిలింది బండ.

ఆసుపత్రికి పెద్ద డాక్టరు దేవసహాయం గారు. రాయదుర్గం వైపు మనిషి. అప్పటికి యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆయనది పాతకాలపు ఎల్.ఎం.పి. చదువు. యుద్ధం రోజుల్లో రెండేళ్లు సైనిక ఆసుపత్రిలో కంటి వార్డులో పనిచేశారు. ఆయన చదువు నా చదువుకంటే ఒక మెట్టు తక్కువని నేను పైకి అనలేదు గానీ, మొదటి వారం మనసులో అనుకోని రోజు లేదు. ఆయన రైతులతో రైతుల మాటే మాట్లాడేవారు. ఎవరొచ్చినా మొదట కూర్చోమనేవారు. జ్వరాన్ని రెండు నిమిషాల్లో చూసి పంపే మనిషి, కంటి రోగి వస్తే మాత్రం పావుగంటకు తక్కువ చూసేవారు కాదు. వరండా గోడమీద నల్లరంగుతో ఎద్దుల లాడాలు వేయించారు. పైన జానెడు లాడం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, చివరి వరసలో చింతగింజంతవి. చదువు రానివాళ్లు ఇరవై అడుగుల దూరంలో నిలబడి, లాడం ఏ పక్క తెరుచుకుని ఉందో చేత్తో చూపాలి. నేను దాన్ని చూసి నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. రెండో వారంలో ఒక గొర్రెల కాపరి ఎడమ కన్ను ఎర్రగా చేసుకుని వచ్చాడు. నేను చూసి, చుక్కలిచ్చి పంపించాను. అతను వెళ్లిన కాసేపటికి దేవసహాయం గారు పక్క గదిలోంచి అడిగారు.

"ఏమ్మా, ఆ గొర్రెలాయన్ని చూసినావా?"

"చూశాను సార్. కళ్లకలక."

"ఒక కన్నా, రెండు కండ్లా?"

"ఒకటే సార్. ఎడమది. మూడు రోజులైందట."

"కలక ఒక కంటికే వచ్చి, మూడు దినాలు ఆడనే కూర్చుంటుందా? రెప్ప తిప్పి చూసినావా?"

తిప్పలేదు. నేనే చెప్పులు వేసుకుని ఎండలో బస్సు ఆగే చోటికి పరిగెత్తాను. ఊరి జనం చూస్తుండగా ఆ కాపరిని బతిమాలి వెనక్కి తీసుకొచ్చాను. పై రెప్ప తిరగేస్తే లోపలి వైపున కొర్ర పొట్టు ఒకటి చిప్పలాగా అతుక్కుని ఉంది. దూది పుల్లతో తీసేశాను. అతను రెండుసార్లు కన్ను ఆర్పి, "ఎంత సుఖంగా ఉండాది తల్లీ" అన్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం దేవసహాయం గారు అన్నారు: "కన్ను చిన్నదే. దాంట్లో గదులు మాత్రం చానా ఉండాయి. వాకిట్లో నిలబడి చూసి, ఇంట్లో ఎవరూ లేరని పోతే ఎట్లమ్మా?"

అప్పటినుంచి ఆయన పద్ధతి నాకు పట్టుబడింది. మొదట చెవులతో చూడాలి: ఏం చేస్తుండగా వచ్చింది, ఎప్పుడొచ్చింది. తరువాత చూపు. ఒక్కో కన్నూ విడిగా, మందు వేయకముందే. ఆ తరువాత రెప్పలు, తెల్లగుడ్డు, నల్లగుడ్డు, కనుపాప. అన్నిటికంటే చివర, ఆయన సొంతంగా కొనుక్కున్న, దీపం వెలిగించి చూసే ఆప్తాల్మోస్కోపుతో కంటి లోపల. ఏ ఒక్కటీ దాటడానికి వీల్లేదు. నొప్పి ఉన్న కన్నే కాదు, నొప్పి లేని కన్ను కూడా చూడాలి. ప్రతిసారీ, "నువ్వు చూసి నాకు చెప్పు" అనేవారు. నాకు నేర్పడానికే అలా అంటున్నారని అనుకున్నాను. అప్పుడప్పుడు ఆయన చేయి తగిలి బల్లమీది గిన్నె కింద పడేది. ఎండలోంచి గదిలోకి వస్తే వాకిలి చెక్క పట్టుకుని కాసేపు నిలబడేవారు. వయసు అనుకున్నాను. ఇంకేదీ అనుకోవాలని నాకు తోచలేదు.

అలా ఏడాది పైన గడిచింది. వేసవి మధ్యలో ఒక రోజు, పదకొండు గంటల వేళ, ఒక లారీ ఆసుపత్రి ముందు దాదాపు గోడకు తగిలేలా వచ్చి ఆగింది. అరుపులు విని నేను వరండాలోకి వచ్చేసరికి ఒక బావి మేస్త్రీ, ఒక ఆడమనిషి కలిసి ఒకతన్ని చెరో రెక్కా పట్టుకుని దించుతున్నారు. అతని పేరు ఓబన్న. ముప్పై ఏళ్లుంటాయి. మొహమంతా నల్లటి చుక్కలు, రక్తం, దాని మీద రాతిపొడి. రెండు రెప్పలూ ఉబ్బి మూసుకుపోయాయి.

"నా కండ్లు పోయినాయి! ఓ సామీ, నా కండ్లు పోయినాయి!"

మేస్త్రీ ఊపిరి అందకుండా చెప్పాడు. బావి అడుగున బండకు నాలుగు తూట్లు వేసి మందు నింపారు. మూడు పేలాయి. నాలుగోది పేలలేదని, చాలాసేపు ఆగి, ఓబన్న దిగబోయాడు. సగం మెట్లలో ఉండగా అది పేలింది.

నేను ఓబన్నను బల్లమీద పడుకోబెట్టి, వేళ్లతో రెప్పలు విడదీయబోయాను. దేవసహాయం గారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆయన అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఒత్తొద్దు. లోపల గుడ్డు పగిలి ఉంటే, నీ వేలే దాన్ని బయటికి తోసేస్తాది."

"ఎట్లో ఒకట్ల పట్టీ కట్టి పంపండి సార్," అన్నాడు మేస్త్రీ. "లారీ ఉండాది. అనంతపురం తీసుకపోతా."

"పోదువులే. ఏముందో తెలియకుండా ఏ పట్టీ కట్టాల?" అని, ఆయన ఓబన్న చెవి దగ్గరికి వంగారు. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఓబన్నా, నేను డాక్టర్ని. నువ్వు అరుస్తా కన్ను బిగిస్తే కంటికి చేటు. నోరు తెరిచి ఊపిరి వదులు. ఇప్పుడు దీపం చూపిస్తా. రెప్ప తెరవద్దు. వెలుతురు యా పక్క ఉండాదో చెప్పు, అంతే."

మేస్త్రీ చేతికి టార్చిచ్చారు. ఓబన్న మూసిన రెప్పల మీద వెలుతురు పడింది.

"కుడి పక్క," అన్నాడు ఓబన్న. మళ్లీ, "ఇప్పుడు పైన. ఇప్పుడు లేదు. ఆఁ, ముక్కు పక్క."

రెండు కళ్లూ వెలుతురును పట్టుకున్నాయి. దేవసహాయం గారి భుజాలు కొద్దిగా కిందికి దిగడం చూశాను. మొద్దుబార్చే చుక్కలు వేసి, ఒత్తకుండా, ఎముక మీద మాత్రమే చేయి ఆనించి రెప్పలు ఎత్తాను. గుడ్లు రెండూ నిలిచే ఉన్నాయి. కనుపాపలు గుండ్రంగా ఉన్నాయి. నల్లగుడ్డు మీద పదీ పన్నెండు రాతి నలుసులు పైపైన నాటుకుని ఉన్నాయి. ఉప్పునీళ్లతో కడిగాం, సులువుగా వచ్చినవి తీశాను. అరుపులు మూలుగులుగా తగ్గాయి. "ఇతని చూపు నిలబడుతుంది సార్," అన్నాను. నా బట్టలు చెమటతో తడిసిపోయాయి. పని అయిపోయిందనుకున్నాను.

అంతసేపూ ఓబన్న పెళ్లాం తిమ్మక్క గోడకు ఆనుకుని నిలబడే ఉంది. కొంగుతో మధ్యమధ్య కుడి కన్ను ఒత్తుకుంటోంది. ఏడుస్తోందనుకున్నాను. నేనే లోటాతో నీళ్లు అందించాను. ఆమె చెయ్యి చాచింది. చెయ్యి లోటా పక్కనుంచి పోయింది, లోటా నేల మీద పడి దొర్లింది.

ఓబన్న మీదికి వంగి ఉన్న దేవసహాయం గారు తల తిప్పారు. ఆయన చూడలేదు, ఆ చప్పుడు విన్నారు, అంతే.

"ఎవరమ్మా అది?"

"నేనే సామీ. చెయ్యి జారినాది."

"జారినాదా, అందలేదా?"

తిమ్మక్క వంగి లోటా కోసం నేల తడుముతోంది.

"ఇట్ల వచ్చి కూర్చో."

"నాకేమీ కాలేదు సామీ. నేను పైన ఉండినా. దుమ్ము పడింది, అంతే. మా ఆయప్పను చూడండి."

"ఆయప్పను చూసినాం. నిన్ను చూడాల. దుమ్ము ఎప్పుడు పడింది? పేలినప్పుడా?"

ఆమె కొంచెం తటపటాయించింది. "కాదు. పొద్దున్నే. తూట్లు వేసేటప్పుడు నేను ఉలి పట్టుకుంటే ఆయప్ప సమ్మెటతో కొడతాండ్య. చిటుక్కుమని ఏదో తగిలినాది. నీళ్లు పోసుకుంటే పోయినాది."

ఇనుము మీద ఇనుముతో కొట్టినప్పుడు అని విన్న వెంటనే ఆయన మొహం మారిపోయింది. ఆమెను బల్లమీద కూర్చోబెట్టాం. లాడాల దాకా పోనేలేదు. ఎడమ కన్ను మూస్తే కుడి కంటికి నా వేళ్లు లెక్కపెట్టడం కష్టమైంది. "పొగలో ఉన్నట్ల ఉండాయి" అంది. దేవసహాయం గారు భూతద్దం తీసుకుని ఆమె కంటి మీదికి వంగారు. చాలాసేపు చూశారు. తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. తరువాత ఆ భూతద్దం నా చేతిలో పెట్టారు.

"నువ్వు చూసి చెప్పు."

నేను చూశాను. ఓబన్న కళ్లను చూసిన తరువాత ఇది నాకు కన్నులాగానే లేదు, అంత శుభ్రంగా ఉంది. "కొంచెం ఎరుపు సార్. ఇంకేం లేదు."

"ఏం లేదు అనేది కంటికి కనబడతాదా? నువ్వు అనుకున్నది నాకొద్దు. కనబడింది చెప్పమ్మా. నల్లగుడ్డు అంచు నుంచి మొదలుపెట్టు."

నాకు ఉక్రోషం వచ్చింది. అలిసిపోయి ఉన్నాను. అయినా గడియారం ముల్లులాగా పైనుంచి చుట్టూ చూస్తూ వచ్చాను. "పైన బాగుంది. కుడివైపు బాగుంది. కింద..." అంచుకు కాస్త లోపల, వెంట్రుక తెగిన ముక్కంత గీత ఒకటి కనిపించింది. "సన్నటి గీత సార్. బూడిద రంగు."

"కనుపాప?"

"గుండ్రంగా..." అనబోయి ఆగాను. గుండ్రంగా లేదు. వేపగింజలాగా ఒక వైపు కొన సాగి ఉంది. ఆ కొన నేరుగా ఆ గీత వైపే చూస్తోంది. "కిందికి మొన సాగింది సార్."

"రంగు చుక్క వెయ్యి. ఒత్తొద్దు."

వేశాను. గాయం ఉన్నచోట పచ్చగా అంటుకునే మందు అది. గీత పచ్చబడింది. ఆ పచ్చదనం మధ్యలోంచి సన్నటి నీటి చార ఒకటి మెల్లగా జారుతోంది. కంటి లోపలి నీరు బయటికి వస్తోంది. నేను భూతద్దం ఆయనకు ఇవ్వబోయాను.

"ఒక్కసారి మీరు చూడండి సార్. ఇంత పెద్ద మాట నేను ఒక్కదాన్నే చెప్పలేను."

ఆయన తీసుకోలేదు. నా వైపు వంగి, నాకు తప్ప ఇంకెవరికీ వినబడకుండా అన్నారు:

"నాకు కనబడదమ్మా. అందుకే అడుగుతాండా. నువ్వు చెప్పిందే నమ్మాల ఇప్పుడు."

ఏడాదిగా ఆయన అడిగిన ప్రతి "చూసి చెప్పు" ఒక్కసారిగా వేరే అర్థంతో నా మీద పడింది. ఆయన కోసం బాధపడటానికి కూడా అప్పుడు తీరిక లేదు. మళ్లీ వంగి, మొదటినుంచి చివరి దాకా ఇంకోసారి చూశాను. ఆప్తాల్మోస్కోపు పెట్టి చూస్తే, ఎర్రగా వెలగవలసిన కనుపాపలో కింది భాగం మబ్బుగా ఉంది. రెండో కన్ను కూడా చూశాను. అది బాగుంది. "గాయం లోపలిదాకా ఉంది సార్. ఇనప ముక్క లోపలే ఉందనుకుంటున్నాను. ఇది అనుకోవడమే, కనబడలేదు."

"సరిగ్గా చెప్పినావు," అన్నారు.

మందుల అట్టపెట్టె ఒకటి కత్తిరించి, గిన్నెలాగా మడిచి, కంటికి తగలకుండా చుట్టూ ఎముక మీద మాత్రమే ఆనేలా కట్టాం. సూదులు వేశాం. నీళ్లు తప్ప ఏమీ తినొద్దన్నాం. అప్పుడు తిమ్మక్క ఎదురుతిరిగింది.

"నేను యాడికీ పోను. ఆయప్పకు కండ్లు కనబడలేదు, ఇంటికాడ పిల్లోళ్లు ఉండారు, గొడ్లకు నీళ్లు లేవు. ఒక కన్ను పోతే పోనీ. ఇంకోటి ఉండాది కదా!"

దేవసహాయం గారు స్టూలు లాక్కుని ఆమె మోకాళ్ల దగ్గర కూర్చున్నారు. "తిమ్మక్కా, నీకు అబద్ధం చెప్పను. ఈ కంటికి చూపు ఎంత వస్తాదో నాకు తెలియదు. రాకనూ పోవచ్చు. కానీ దీన్ని ఇట్లే వదిలేస్తే, కొందరికి బాగుండే రెండో కన్ను కూడా మంటపడి పోతాది. అప్పుడు ఇంటికాడ ఇద్దరికీ ఎవరు దారి చూపిస్తారు? ఓబన్న నా దగ్గర ఉంటాడు. నీ పిల్లోళ్లకు మేస్త్రీ కబురు పెడతాడు. నువ్వు లెయ్."

పడుకున్న చోటి నుంచే ఓబన్న అన్నాడు: "పో తిమ్మక్కా. నా మాట విను. ఆ సమ్మెట కొట్టింది నేనే."

ఆమె లేచింది.

లారీలో గడ్డి పరిచి, ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాను. అనంతపురం దాకా ఆ దారి ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది. దగ్గొద్దని, వాంతి వస్తే చెప్పమని, ఏడవొద్దని చెబుతూనే ఉన్నాను. "ఏడ్చనులే అమ్మా," అంది ఒకచోట. "ఏడ్చేదానికి నీళ్లు యాడుండాయి?" నేనూ నవ్వాను, వెంటనే ఆమెను నవ్వొద్దన్నాను. పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు గాయాన్ని చూసి, అప్పటికప్పుడు మద్రాసు రైలుకు ఏర్పాటు చేయించారు. లోపలి ఇనుమును అయస్కాంతంతో లాగే యంత్రం అక్కడుంది. తీస్తే, కొర్ర గింజలో సగం కూడా లేని ముక్క వచ్చిందట.

రెండు నెలల తరువాత తిమ్మక్క మా వరండాలో నిలబడి లాడాలు చూపించింది. ఎడమ కంటితో చివరి వరస దాకా చూపింది. కుడి కంటితో పైనుంచి రెండు వరసలే. "మనిషి గుర్తు తెలుస్తాడు, మొహం తెలియదు," అంది. పూర్తిగా గెలిచాం అనడానికి లేదు. ఓబన్న మొహం మీద పేలుడు మందు చుక్కలు నీలంగా అలాగే మిగిలిపోయాయి, చూపు మాత్రం బాగుపడింది. ఆ బావిలో ఇంకో మూడు గజాలు తవ్వాక నీళ్లు పడ్డాయని చెప్పాడు. దేవసహాయం గారు అన్నీ విని, "తిమ్మక్కా, ఉలి పట్టుకునేటప్పుడు మొహం అట్ల పక్కకు తిప్పుకో" అని మాత్రం అన్నారు.

ఆ రెండు నెలలూ ఆయన కంటిది శుక్లమేనని ఇద్దరమూ అనుకున్నాం. వాళ్లు వచ్చి వెళ్లిన తరువాతి ఆదివారం. ఆయన చర్చి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చారు. రోగులెవరూ లేరు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చుని నన్ను పిలిచారు.

"ఈ పొద్దు నన్ను చూడమ్మా. అన్నీ వరసగా. నేను పెద్దోణ్ణని ఏదీ దాటొద్దు."

"శుక్లమే కదా సార్. ముదిరాక తీయించుకుంటే..."

"నేనూ అదే అనుకుంటాండా. నా కంట్లోకి నేను చూసుకోలేను కదా. చూడు."

ఎప్పటినుంచి అని అడిగాను. నాలుగైదేళ్లుగా అన్నారు. మొదట్లో దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడేవట. తల నొప్పి అప్పుడప్పుడు. వరండాలోకి తీసుకెళ్లి చూపు చూశాను. ఎడమ కంటితో అయిదో వరస దాకా చెప్పారు. కుడి కంటికి పైన ఉన్న పెద్ద లాడం తప్ప ఏమీ లేదు. ఎదురుగా కూర్చుని, నా వేళ్లు పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాను. ఎప్పుడు కనబడితే అప్పుడు చెప్పమన్నాను. నా చేయి ఆయన చెవి దాటింది, చెంప దాటింది. ఆయన ఏమీ అనలేదు. దాదాపు ముక్కు ఎదురుగా వచ్చాక "ఆఁ" అన్నారు. మూసిన రెప్పల మీద వేలికొసలు ఆనించి చూశాను. కన్ను నుదుటి ఎముకలా గట్టిగా ఉంది. అప్పటికే నాకు భయం పట్టుకుంది. ఆప్తాల్మోస్కోపు పెట్టుకుని ఆయన ఊపిరి నా చెంపకు తగిలేంత దగ్గరికి వంగాను.

శుక్లం ఉంది, చాలా కొంచెం. దాన్ని దాటి లోపలికి స్పష్టంగా కనబడుతోంది. కనబడకుండా ఉంటే బాగుండేదనిపించింది. కంటి నరం తల, గులాబి రంగులో ఉండవలసింది, సుద్దముక్కలా పాలిపోయింది. మధ్యలో గిన్నెలా గుంట పడింది. రక్తనాళాలు ఆ గుంట అంచున వంగి లోపలికి దిగిపోతున్నాయి. నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగి నరాన్ని తినేసే జబ్బు. కుడి కంట్లో మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఎడమ కంట్లో ఒక సన్నటి అంచు మాత్రం ఇంకా బతికి ఉంది.

నేను ఆయన కంటి ముందునుంచి లేవలేకపోయాను. దీపం అలాగే పట్టుకుని, ఇంకా చూస్తున్నట్టు నటించాను. ఏం చెప్పాలో వెతుక్కున్నాను. బయట ఒక ఎద్దులబండి పోయింది. దాని గంటల చప్పుడు దూరమయ్యేదాకా నేను మాట్లాడలేదు.

"శుక్లం ఎంతుంది?" అని ఆయనే అడిగారు.

"కొంచెమే సార్."

"అయితే కోసినా రాదు."

"పోయింది రాదు సార్. మిగిలింది నిలబెట్టుకోవడానికి చుక్కలు వేయాలి. మద్రాసు వెళ్లి ఆపరేషన్ గురించి అడగాలి. వెంటనే." నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఆయన బల్లమీది కాగితాలు నా వైపు జరిపారు. తరువాత, "చీటీ రాయి," అన్నారు. "పేరు రాయి, వయసు రాయి. చూసిందంతా రాయి, ఒక్కటీ వదలొద్దు. పైవాళ్లకు పంపించాల. ఇంక నేను ఒక్కణ్ణే ఎవరినీ చూడకూడదు." నేను రాస్తుంటే ఆయన గోడ వైపు మొహం తిప్పుకున్నారు. ఆ చీటీ మీద అక్షరాలు ఎంత వంకరగా వచ్చాయో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన మద్రాసు వెళ్లారు. ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. అది ఇంకో ఏడెనిమిదేళ్లు ఆయనకు దారి చూపింది. ఉద్యోగం మానుకుని రాయదుర్గంలో అక్కగారింట్లో ఉన్నారు. ఆయన బలవంతం మీదే నేను కంటి వైద్యం చదవడానికి వెళ్లాను. చదివి, తిరిగి ఈ జిల్లాకే వచ్చాను. సెలవు దొరికినప్పుడల్లా రాయదుర్గం బస్సెక్కేదాన్ని. ఆయన నేను ఆ మధ్య చూసిన కళ్ల గురించి ఒక్కొక్కటీ అడిగేవారు. ఎక్కడైనా ఒక మెట్టు దాటితే పట్టుకునేవారు.

చివరిసారి వెళ్లేసరికి ఎడమ కన్ను కూడా పోయింది. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. నా అడుగు చప్పుడుకే "రామ్మా" అన్నారు. ఎన్నో ఏళ్లుగా నా మనసులో నలుగుతున్నది ఆ రోజు అడిగేశాను. "ఆ ఆదివారం నేను చెప్పిన పద్ధతి మీకు కష్టం కలిగించిందా సార్?"

"చెప్పింది బాగానే చెప్పినావు," అన్నారు. "చెప్పకముందు ఊరకుండినావు చూడు, అది కష్టమైనాది. దీపం నా కంట్లో ఉండాది, నీ మొహం నాకు కనబడదు. నువ్వు మాట్లాడవు. ఆ కాసేపట్లోనే నేను పూర్తిగా గుడ్డోణ్ణయిపోయినా. నువ్వు చెప్పినాక, కొంచెం మిగిలుండాదని తెలిసి, మళ్లీ చూపొచ్చినాది." అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆయన చేయి తడుముతూ వచ్చి నా తలమీద ఆగింది.

ఆ తరువాత నేను ఎన్ని వేల కళ్లు చూశానో లెక్క లేదు. గదులన్నీ తెరిచి చూడటం ఆయన దగ్గర నేర్చుకున్నాను. అది ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చేమో. ఇది మాత్రం ఆయన ఒక్కరే ఇచ్చారు: దీపం ఎవరి కంట్లో పెట్టినా నేను ఊరికే ఉండను. "ఇప్పుడు ముందు భాగం చూస్తున్నాను, ఇప్పుడు లోపలికి వచ్చాను, ఇక్కడ ఒకటి కనబడింది, ఇంకాస్త చూసి చెబుతాను, భయపడకండి" అని మాట్లాడుతూనే ఉంటాను. కొత్తగా వచ్చిన డాక్టర్లు, ఈవిడకు వాగుడెక్కువని నవ్వుకునేవారు. వెలుతురుకు కళ్లు చెదిరి, ఎదురుగా ఉన్న నా మొహం కూడా కనబడక, ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషికి ఆ కాసేపు నా గొంతు ఒక్కటే ఆసరా అని నాకు తెలుసు.